అంగడివీథిలో ఆడువారి నడక

శ్రావణమాసము వచ్చిన దనగానే పేరాలలోని ఆడువారి కాళ్లు చీరాల బజారు వైపునకు తిరుగును. రెండూళ్లకును నడుమ పొలిమేర యెక్కడనో చూపగలవా రిప్పుడు లేరు. ఒకే పురపాలక సంఘము, ఒకే బజారు. చీరాలను చిన్న బొంబాయి యని జనులు వాడుకగ నందురు. ఆ పేరు వస్త్రవ్యాపారమువలన వచ్చినది. జాండ్రపేట మగ్గముల మీద నేసిన చీర మొదలు సూరతునుండి వచ్చిన నూలుపోగు లేని చీర వఱకును ఇక్కడ దొరకును. వేటపాలెము, ఇంకొల్లు, పర్చూరు, బాపట్ల పరిసర గ్రామములనుండి పెండ్లివారు బస్సులలోను రైళ్లలోను దిగి, గడియారస్తంభము గుర్తు పట్టుకొని బయలుదేఱుదురు. పెండ్లికూతునకు పట్టుచీర, ముత్తైదువలకు రవికగుడ్డలు, పెండ్లికుమారుని తల్లికి ఒక చీర, ఆమె యలుగకుండ ఆమె చెల్లెలికి మఱియొకటి. పట్టీలో వ్రాసికొన్నవి సగము, వ్రాయనివి సగము.

కొట్టులోనికి అడుగిడిన స్త్రీకి జరుగు మర్యాద మీ రెఱుగనిది గాదు. తెల్లని పఱుపు, చల్లని నీరు, "అమ్మా, కూర్చుండుడు" అను పిలుపు, నలుబది చీరలు విప్పి యొక్కటియు నచ్చలే దన్నను మాయని చిఱునవ్వు. ఆమె సంచులు తీసికొని మెట్టు దిగిన మరుక్షణమున ఆమె యెవరికిని గాని దగును. ఆ మెట్టునకును ఎదుటి కొట్టు మెట్టునకును నడుమ నున్న వీథిలో ఆమె యెట్లు నడచుచున్నదో విచారించువారు లేరు. నేను వ్రాయదలచినది ఆ వీథిని గుఱించియే. ఇది యొక్క చీరాల మాట కాదు. తెనాలిలో నైనను, రేపల్లెలో నైనను, నరసరావుపేటలో నైనను బాగుగ బేరము జరుగు బజారును చూచిన యెడల ఈ చిత్ర మించుమించుగ నొకటే.

ఒకమాఱు మనసు పెట్టి చూడుడు. కొట్టుగోడ నానుకొని మురుగుకాలువ, దానిపై బండలు. ఆ బండలే నడచువారి దారి కావలెను. కాని ఒక కొట్టువారు తమ మెట్లను బండమీదికి దింపిరి, ప్రక్కవారు రంగురంగుల చీరలు తొడిగిన బొమ్మలను నిలిపిరి, ఆ పైవారు ఏటవాలు చప్టా పోసిరి. ఒక బండ జానెడెత్తు, తరువాతిది బెత్తెడు పల్లము, ఆపైది లేనే లేదు. వీనిని దాటి యీవలకు వచ్చితిమా, మోటారు సైకిళ్ల వరుస. ఆ వరుస కీవల తోపుడుబండ్లు. మిగిలిన నడుమదారిలో ఆటోలు, బేళ్లు దింపు లారీ, హారను మీదినుండి బొటనవ్రేలు తీయని కుఱ్ఱవాడు, వీరందఱి నడుమ చంకలో బిడ్డ, చేత సంచి, కొంగు పట్టుకొన్న రెండవ బిడ్డతో మన యాడుది. ఆమె కండ్లు రెండే. ఒకటి బండిమీదను ఒకటి బిడ్డమీదను ఉండగా కాలి క్రింది గుంటను దేనితో చూడవలెను?

రెండేండ్ల క్రిందట మా అత్తగారు అట్టి గుంటలోనే పడిరి. ఏ యూరని యడుగవలదు. మా బంధువుల యూరు, పెండ్లికి పోయియుంటిమి. బండ పగిలి యుండగా దానిమీద ఎవరో అట్టముక్క కప్పిరి. కప్పినవారు మంచి బుద్ధితోనే కప్పి యుందురు. అత్తగారు దానిమీద కాలు మోపిరి. చీలమండ విఱిగి మూడు నెలలు మంచము పట్టిరి. ఎముక యతుకుకొన్నది గాని ధైర్య మతుకుకొనలేదు. డెబ్బదియేండ్లు నిండువఱకు తన వక్కపొడి తానే కొని తెచ్చుకొన్న మనిషి, "అమ్మాయీ, ఇక బజారుకు నీవే పోయిరా. నాకు చీరలు చాలును" అనిరి. చీరలు చాలుట కాదు, వీథి చాలకపోయినది. ఇట్లు ఇంటిలోనే యుండిపోయిన వృద్ధురాండ్రు మన వాడలలో ఎందఱున్నారో మీ యింటి ప్రక్క యింటిలో అడిగి చూడుడు. వారు బజారులో కనబడరు గనుక బజారులో వారికేమి కావలెనో అడుగువాడును ఉండడు.

వీథిని గుఱించియు, పురపాలక సంఘమును గుఱించియు మాటాడుటకు పేరాల ఆడువారికి ఉన్నంత హక్కు ఈ దేశములో మఱి యెవరికిని లేదని నా యభిప్రాయము. 1919వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము చీరాల పేరాల గ్రామములను కలిపి మ్యునిసిపాలిటీ చేసెను. అంతకు ముందున్న యూనియనులో ఏటికి సుమారు 4,000 రూపాయలుగ నున్న పన్ను దీనితో 40,000 వఱకు పెరిగినది. నేతగాండ్రు, చిన్న రైతులు, కూలివారు నివసించు ఊళ్లవి. మాకీ మ్యునిసిపాలిటీ వలదని జనులు మొఱ్ఱపెట్టుకొనిరి, వినువారు లేకపోయిరి. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెసు సమావేశము ముగిసిన తరువాత గాంధీగారు చీరాలకు వచ్చిరి. పన్ను నిరాకరించి శిక్ష లనుభవించుట యొక త్రోవ, ఊరు విడిచి పొలిమేర దాటిపోవుట రెండవ త్రోవ అని ఆయన చెప్పగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు రెండవదానిని పట్టిరి. ఎండకాలమున, తాళములు వేసికొని, పొయ్యిరాళ్లతోను పసిబిడ్డలతోను రెండూళ్ల జనులును వెడలిపోయి, పొలిమేర కావల పాకలు వేసికొని రామనగ రని పేరు పెట్టుకొనిరి. సుమారు 15,000 మంది జనాభాలో మిక్కిలి పెద్దభాగ మట్లు పోయినది. పదునొకండు నెలలు అక్కడ కాపుర ముండిరి.

ఈ కథను చెప్పువారు గోపాలకృష్ణయ్యగారి వాగ్ధాటిని, రామదండు క్రమశిక్షణను చెప్పుదురు. చెప్పవలసినవే. కాని పాకలో మొదటి వాన కురిసిన రాత్రి పొయ్యి రగిలించినవారెవరు? బాలెంతరాండ్రకు కాపడము పెట్టినవారెవరు? వారి పేర్లు పుస్తకముల కెక్కలేదు. పన్ను చెల్లింపనని చెఱసాలకు పోయిన రావూరి అలమేలుమంగ తాయారమ్మగారి పేరు మాత్రము నిలిచినది. గోపాలకృష్ణయ్యగారిని ప్రభుత్వము 1921లో నిర్బంధించి యేడాది శిక్ష వేసినది. 1922లో జనులు పాకలు విడిచి ఇండ్లకు తిరిగి వచ్చిరి.

ఆ నాటి యలజడి పన్ను మొత్తమును గుఱించియే యని యనుకొనుట పొరపాటు. మాచేత డబ్బు తీసికొని మా కేమి యిత్తురను ప్రశ్న దాని యడుగున నున్నది. నేడు మనము ఇంటిపన్ను కట్టుచున్నాము, నీటిపన్ను కట్టుచున్నాము. కట్టము అనువా రెవరును లేరు. అయినను ఆ ప్రశ్నను మాత్రము మఱచితిమి. బండ్లు నడచు నడుమభాగమునకు తారు పోసిన నాడు వీథి బాగుపడినదని పత్రికలో పడును. నడచువారి భాగ మెంత యని యడిగిన యెడల కాలువమీది బండ చూపుదురు.

ఎంత యుండవలెనో తెలియక పోలేదు. భారతదేశమున రహదారుల నిర్మాణమునకు ప్రమాణములు వ్రాయు ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు నడచువారి కొఱకే ప్రత్యేకముగ నొక గ్రంథము ప్రకటించి, దానిని 2012లో సవరించిరి. దాని ప్రకారము కాలిబాటపై అడ్డులేని వెడల్పు కనీసము 1.8 మీటరు, అనగా ఇంచుమించు 6 అడుగు లుండవలెను. బజారులలో అంతకంటె నెక్కువ కావలెను. కాలిబాట అంచు 15 సెంటీమీటర్లకు, అనగా సుమారు 6 అంగుళములకు మించి యెత్తుండరాదు. ఆరడుగు లెందు కనగా, చేతిలో సంచి యున్న ఇద్దఱు ఎదురుపడి, ఒకరి నొకరు రాచుకొనకుండ పోవుటకు అంత కావలెను. చక్రముల కుర్చీలో నున్నవారికిని అదియే చాలును. "అడ్డులేని" యను మాటను గమనింపుడు. పది యడుగుల కాలిబాట వేసి, దాని నడుమ విద్యుత్ స్తంభ మొకటి, ట్రాన్స్‌ఫార్మరొకటి, ప్రకటన బల్ల యొకటి నాటిన యెడల అది కాలిబాట కాదు.

ఎత్తు సంగతి మగ ఇంజనీర్లకు బోధపడుట కష్టము. చీర కట్టుకొని, మోకాళ్ల నొప్పులతో, ఒక చేత కుచ్చెళ్లు పట్టుకొని అడుగెత్తు ఎక్కవలసి వచ్చిన యెడల వారికిని బోధపడును. ప్రతి కొట్టు ముందఱను దిగి యెక్కి, దిగి యెక్కి పోవలసిన బాటను ముసలమ్మ విడిచి వీథిలోనికే దిగును. ఆమె దిగినదని లారీవాడు కసరును. 2022లో భారతదేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరి. అందు 32,825 మంది నడచుచున్నవారు. ఇవి ప్రభుత్వమువారే ప్రకటించిన లెక్కలు. నడచుట యొక నేరమైనట్లు ఐదుగురిలో నొకరు ఇట్లు పోవుచున్నారు.

మన తెలుగువారు పట్టుచీరల కొఱకు చెన్నపట్టణము పోయినపుడు త్యాగరాయనగరులో దిగుదురు గదా. అక్కడి పాండీబజారును చూచినవారికి నేను చెప్పునది తేలికగ తెలియును. ఆ వీథి నిజనామము సర్ త్యాగరాయ రోడ్డు. చేనేత కులములో పుట్టిన తెలుగువారు పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరది. దాని కొనను పానగల్ పార్కు. ఈ పానగల్లు రాజా యెవరను కొంటిరి? చీరాల పేరాల జనులు ఊరు విడిచిన నాడు మద్రాసులో స్థానిక స్వపరిపాలన మంత్రిగ నుండినవారే! మ్యునిసిపాలిటీని తీసివేయుమని మనవారు మొఱపెట్టుకొనినది ఆయన ప్రభుత్వముతోనే. ఆయనయు గోపాలకృష్ణయ్యగారును ఒకే సంవత్సరమున, 1928లో, కాలధర్మము నొందిరి. ఆయన కాలములోనే త్యాగరాయనగరు నిర్మాణము మొదలైనది. మన పేటలో పోరు, వారి పేటలో పార్కు. విధి వైచిత్ర్య మట్లుండును.

ఆ పాండీబజారు ఒకప్పుడు మన బజారులకంటె నేమియు మెఱుగుగ లేదు. పండుగనాడు ప్రక్కనున్న మనిషి మొగమును చూచుటకైనను వీలులేని యిఱుకు. చెన్నపట్టణ నగరపాలకులు ముందుగ కొన్ని దినములు వాహనములను నిలిపి పరీక్షించి, జనులు మెచ్చుకొనుట చూచి, పిదప పనికి పూనుకొనిరి. 2019లో క్రొత్త వీథి జనుల వాడుకకు వచ్చినది. వాహనములను బొత్తిగ వెడలగొట్టలేదు. వాని దారిని తగ్గించి, ఇరువైపుల కాలిబాటలను విశాలముగ పెంచిరి. కూర్చుండుటకు బల్లలు, నీడకు పాత చెట్లు, బిడ్డలాడుకొనుటకు కొంత చోటు ఏర్పఱచిరి. నేను పోయిన దినమున ఒక బల్లమీద ఇద్దఱు ముసలమ్మలు చెప్పులు విడిచి, సంచులు ప్రక్కన పెట్టుకొని, కొన్న చీర ధర ఎక్కువ యిచ్చితిమా తక్కువ యిచ్చితిమా యని తెలుగున వాదించుకొనుచుండిరి. నాకు వీథి నిర్మాణ కౌశలముకంటె ఆ వాదమే యెక్కువ సంతోషము కలిగించినది. బజారులో కూర్చుండి వాదించుకొనుటకు చోటుండుట యెంత గొప్ప! పూర్వము మన యిండ్ల ముందఱి అరుగు లట్టి పని చేసెడివి. బాటసారి కూర్చుండి మంచినీళ్లడిగెడివాడు. అరుగులు పోయి షట్టరులు వచ్చినవి.

"ఆడువారి మాట కేమి, బండ్లు రాకపోయిన బేరము పడిపోవును" అని వర్తకులందురు. ఇది క్రొత్త భయము కాదు. డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హేగనులో స్ట్రోయెట్ అను అంగడివీథిని 1962 నవంబరులో నడచువారికే విడిచినపుడు అక్కడి వర్తకులును ఇట్లే గోలపెట్టిరి. మా దేశములో చలి, వాన. జనులు వీథిలో తిరుగువారు కారు. మా కొట్లు మూతపడును అనిరి. ముందు పరీక్షగనే చేసి, 1964లో దానిని స్థిరపఱచిరి. కొట్లు మూతపడలేదు సరిగదా, కిలోమీటరునకు మించి పొడవున్న ఆ వీథిని చూచుటకే అన్ని దేశములవారు పోవుచున్నారు. కారణము కఠినమైనది కాదు. బండిమీద పోవువాడు కొట్టును చూడడు, ఎదుటి బండిని చూచును. నడచునది ప్రతి కొట్టును చూచును. చూచినదానిలో నొకదాని ముందు నిలుచును. నిలిచిన పిమ్మట ఏమి జరుగునో వర్తకులకు నేను చెప్పవలెనా?

ఇంకొక సంగతి. ఏ దినమున నైనను ఉదయము కొట్లు తెఱచు వేళకు బజారునకు పోయి చూడుడు. కొట్టు ముందఱ మొట్టమొదట నిలుచు మోటారు సైకిలు ఎవరిది? కొనువారిది కాదు. యజమానిది, ఆ తరువాత గుమాస్తాలవి. అవి రాత్రి వఱకును కదలవు. పండ్రెండడుగుల కొట్టు ముందఱ నాలుగు బండ్లు నిలిచిన యెడల, వచ్చిన గిరాకి వీథి నడుమనే నిలువవలెను. బండ్లకు బజారు చివర ఒక చోటు చూపి, అక్కడినుండి అందఱును నాలుగడుగులు నడచిన యెడల, బేళ్ల లారీలు తెల్లవారుజాముననో రాత్రి కొట్లు కట్టిన పిదపనో వచ్చిన యెడల, ఒక్క గోడయు కూల్చకుండగనే వీథి సగము వెడల్పగును. దీనికి కోట్లు అక్కఱలేదు. కొంత సుద్దపొడి, ఒక త్రాడు, ఇద్దఱు మనుష్యులు, వర్తకసంఘమువారి సమ్మతి చాలును. నిజమునకు ఆ సమ్మతియే కోట్లకంటె దొరకుట దుర్లభము.

ఇక తోపుడుబండ్లవారు. వీథి బాగుచేయుట యనగానే అధికారులు మొదట వీరిని తఱుముదురు. ఇది నాకు సమ్మతము గాదు. బజారులో పూలు, జామకాయలు, పిన్నులు, రబ్బరు గాజులు అమ్మువారిలో స్త్రీలనేకులు. మగడు పోయినవారు, మగడుండియు లేనివారు. వారి వద్దనే మనము రూపాయి తక్కువకు బేరమాడుదుము, వారినే దారి కడ్డమని తిట్టుదుము. 2014లో పార్లమెంటు వీథివర్తకుల చట్టము చేసినది. దాని ప్రకారము ప్రతి పట్టణములోను విక్రయసంఘ ముండవలెను. దానిలో వీథివర్తకుల ప్రతినిధులు నూటికి 40 మందికి తక్కువ కాకుండ ఉండవలెను, ఆ ప్రతినిధులలో మూడవవంతు స్త్రీలు కావలెను. ముందుగ ఎవరెవ రున్నారో లెక్క తీసి, చోటు చూపవలెనే గాని తఱుమరాదు. కాలిబాటలో నడచువారికి ఆరడుగులు విడిచి, ఆ పైని అంచున బండ్లకు గీత గీసిన యెడల ఇరువురికిని చోటు చాలును. పూలబండి యున్న వీథిలో రాత్రివేళ ఆడుపిల్ల ధైర్యముగ నడచును. బండ్లు లేని వీథి బోసిపోయి భయపెట్టును. ఇది పుస్తకములో చదివినది కాదు, నడచి తెలిసికొన్నది.

హైదరాబాదులో చార్మినారు చుట్టును వాహనములను నిలిపి రాళ్లు పఱచుటకు ఏండ్లకేండ్లు పట్టినది. 1591లో కట్టిన యా కట్టడమునకు బస్సుల పొగ తగులరాదని మొదలిడిన పని, లాడ్‌బజారులో గాజులు కొనబోవు స్త్రీలకును మేలైనది. కట్టడములను కాపాడుటకు వేసిన రాళ్లమీద మనుష్యులును నడచుచున్నారు. మన బజారులలో కాపాడవలసిన కట్టడములు లేవు, మనుష్యులే యున్నారు.

2025 మే నెలలో సుప్రీముకోర్టు ఒక తీర్పులో అడ్డులేని కాలిబాట జీవించు హక్కులోని భాగమని చెప్పి, రాష్ట్రములన్నియు నడచువారి కొఱకు నియమము లేర్పఱుపవలె నని యాజ్ఞాపించినది. ఢిల్లీనుండి మన వీథికి దూరము చాల గలదు. ఆ తీర్పు నడచి వచ్చుటకును కాలిబాట కావలెను గదా! కనుక మేము మా వాడలో కొందఱము కలిసి మొన్న మొన్ననే యొక చిన్న పని చేసితిమి. కుట్టుపనివారి టేపు తీసికొని, మేము తఱచుగ పోవు వీథిలో కొట్టుకొట్టు ముందఱను నడచుటకు మిగిలిన చోటెంతో కొలిచి కాగితముమీద వ్రాసితిమి. ఎక్కడ బండ లేదో, ఎక్కడ మెట్టు ముందుకు వచ్చినదో గుర్తు పెట్టితిమి. వర్తకులు మొదట నవ్విరి. ఒకరు మాత్రము, "అమ్మా, ఈ మెట్టు మా తండ్రిగారు కట్టించినది, మా యమ్మయు దీనిమీదనే జాఱిపడినది" అనిరి. కాగితమునకు నకలు తీసి వార్డు సచివాలయములో ఇచ్చి రసీదు పుచ్చుకొంటిమి. రసీదు పుచ్చుకొనుట మఱవకుడు. నోటిమాట కాలువలో పోవును.

కొలుచుచుండగ మాలో నొకామె కొట్టు ముందఱి స్కూటరొకటి చూచి, ఇంత యడ్డముగ నిలిపిన బుద్ధిహీను డెవడని గట్టిగ ననినది. అది మా అబ్బాయిది. ఆ సాయంకాలము ఇంటిలో జరిగిన సంభాషణ ఇక్కడ వ్రాయను.

మా వీథిలో ఇప్పటికి రెండు బండలు క్రొత్తవి పడినవి. తక్కినవి పట్టీలోనే యున్నవి. అత్తగారికి ఈ సంగతులన్నియు ఊయలబల్లమీద కూర్చుండగ చెప్పుచుందును. ఆమె విని ఊరకుందురు. పోయిన శుక్రవారము మాత్రము, "మెట్టు తీసివేసినది ఆ మూలకొట్టువాడేనా?" అని యడిగి, కొంత సేపటికి, తన పాత చెప్పుల పట్టీ తెగినదనియు, అడుగు జాఱనివి ఒక జత చూడుమనియు చెప్పిరి.